న్యూస్‌లెటర్ స్పామ్‌లో పడుతోందా? ముందు డీఎన్‌ఎస్ రికార్డులు చూడండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. పచ్చళ్ళ వ్యాపారం దగ్గర్నుంచి పూర్వ విద్యార్థుల సంఘం దాకా, సొంతంగా న్యూస్‌లెటర్ పంపుకుంటున్నవాళ్ళు మెయిళ్ళు చేరడం లేదని రాశారు. దానికి కారణం ఉంది. పెద్ద ఎత్తున మెయిళ్ళు పంపేవాళ్ళకు జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి కొత్త నిబంధనలు పెట్టాయి, 2025 మే నుంచి అవుట్‌లుక్, హాట్‌మెయిల్ కూడా అదే దారి పట్టాయి. మెయిల్ పంపింది మీరేనని రుజువు చూపమంటాయవి, ఆ రుజువు ఉండేది డీఎన్‌ఎస్ రికార్డుల్లో. డీఎన్‌ఎస్ అంటే మీ డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత ఉండే పేరు) గురించి ఏ సర్వరైనా అడిగి తెలుసుకోగలిగే పట్టిక, రికార్డంటే అందులో ఒక వరస. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయించాం. రికార్డుల్లో ఉండే అక్షరాలు ఇక్కడ అచ్చు వేయడం లేదు, అవి ఒక్కో సర్వీసుకు, ఒక్కో ఖాతాకు వేరుగా ఉంటాయి. మీ సర్వీసు డాష్‌బోర్డులో ఏది కనిపిస్తే అదే కాపీ చేసుకోండి.

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతాం. పాత కస్టమర్లకు నెలకోసారి ఒక న్యూస్‌లెటర్ సర్వీసు ద్వారా మెయిల్ పంపుతుంటాను, ఫ్రమ్ అడ్రసు మా జీమెయిల్‌దే. ఈ మధ్య చాలామందికి చేరడం లేదు, కొన్ని 550-5.7.26 అనే నంబరుతో తిరిగొస్తున్నాయి. సర్వీసు వాళ్ళేమో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పెట్టుకోమంటున్నారు. ఇవేంటండీ, నాలాంటివాళ్ళు చేసుకోగలరా?

జవాబు: చేసుకోగలరండి. కాకపోతే ఇప్పుడు వాడుతున్న జీమెయిల్ అడ్రసుతో మాత్రం కుదరదు. జీమెయిల్ డాట్ కామ్ అనే డొమైన్ గూగుల్‌ది. ఆ పేరు మీద ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే హక్కు గూగుల్‌కే ఉంది, మీకు లేదు, మీ న్యూస్‌లెటర్ సర్వీసుకూ లేదు. మీరు జీమెయిల్ తెరిచి పంపితే అది గూగుల్ సర్వరు నుంచే వెళ్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. అదే అడ్రసు పెట్టి వేరే సర్వీసు నుంచి ఒకేసారి వందల మెయిళ్ళు వదిలితే, అందుకునే సర్వరుకు మీరూ ఒకటే, మీ పేరు వాడుకుని మోసం చేసేవాడూ ఒకటే. యాహూ అయితే తన పేరుతో బయటి సర్వర్ల నుంచి వచ్చేవాటిని తిప్పికొట్టేయమని 2014 ఏప్రిల్‌లోనే పాలసీ పెట్టేసింది. మీకొచ్చిన 550-5.7.26 చెప్పేది కూడా ఇదే: ఎవరి పేరుతో వచ్చిందో వాళ్ళే పంపారనడానికి రుజువు లేదు, కాబట్టి తీసుకోం అని.

అందుకని మొదటి పని, మీ వ్యాపారం పేరుతో ఒక డొమైన్ కొనడం. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా పర్లేదు, ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూగా అవుతుంది. అది మీ పేరు మీదే, మీ సొంత లాగిన్‌తోనే కొనండి. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడి ఖాతాలో డొమైన్ ఉండిపోతే, తర్వాత చిన్న రికార్డు మార్చాలన్నా అతను ఫోన్ ఎత్తేదాకా కూర్చోవాలి.

ఇక ఆ మూడింటి సంగతి. మెయిల్ పంపే పద్ధతి, అంటే ఎస్‌ఎమ్‌టీపీ, 1982 నాటిది. అప్పట్లో నెట్‌వర్కులో ఉన్నది కొద్దిమందే, ఫ్రమ్ దగ్గర ఏ పేరు రాసినా అది నిజమా కాదా అని అడిగే ఏర్పాటే అందులో లేదు. ఆ లోటు పూడ్చడానికి తర్వాత వచ్చినవే ఈ మూడూ. ఇవి అర్థం కావాలంటే ఒక విషయం తెలియాలి: ప్రతి మెయిల్‌కీ రెండు ఫ్రమ్ అడ్రసులుంటాయి. పోస్టులో వచ్చిన ఉత్తరానికి కవరు వెనక రాసిన అడ్రసు ఒకటి, లోపల కాగితం మీద ఉన్న పేరు ఇంకొకటి ఉన్నట్టే. కవరు మీదిదాన్ని రిటర్న్ పాత్ అంటారు, మెయిల్ చేరకపోతే ఆ సమాచారం తిరిగొచ్చేది దానికే, మామూలుగా మనకు కనపడదు. చదివేవాళ్ళకు కనిపించేది లోపలిది.

ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీద ఉన్న డొమైన్‌ని మాత్రమే. ఈ డొమైన్ తరఫున ఫలానా సర్వర్లు పంపొచ్చు అని డీఎన్‌ఎస్‌లో ఒక జాబితా పెడతాం, మెయిల్ ఏ సర్వరు నుంచి వచ్చిందో దాని ఐపీ, అంటే నంబరు రూపంలో ఉండే అడ్రసు, ఆ జాబితాలో ఉందో లేదో అందుకున్న సర్వరు చూసుకుంటుంది. డీకిమ్ అనేది సంతకం. మీ సర్వీసు దగ్గర ఒక రహస్య కీ ఉంటుంది, దానితో ప్రతి మెయిల్ మీదా సంతకం పెడుతుంది, దాన్ని సరిచూసే పబ్లిక్ కీ మీ డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. దారిలో ఎవరైనా సంతకం చేసిన భాగాన్ని మారిస్తే సంతకం సరిపోదు. డీమార్క్ ఈ రెండింటి మీదా కూర్చుని ఒక్క ప్రశ్న అడుగుతుంది: పాసైంది సరే, ఏ డొమైన్ పేరుతో పాసైంది, అది చదివేవాళ్ళకు కనిపించే ఫ్రమ్ డొమైన్‌తో కలుస్తోందా? రెండింటిలో ఒక్కటైనా పాసై, కలిస్తే చాలు. ఏదీ కలవకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలో కూడా డీమార్క్ రికార్డే చెబుతుంది. ఈ కలవడం గురించి కిందింకో ప్రశ్న ఉంది, తప్పకుండా చదవండి, మెయిళ్ళు ఎక్కువగా తప్పిపోయేది అక్కడే.

మీరు చేయాల్సిన వరుస ఇది. డొమైన్ కొన్నాక దాని మీద ఒక మెయిల్‌బాక్స్ పెట్టుకోండి, కస్టమర్లు రిప్లై ఇస్తే రావాలి కదా. తర్వాత న్యూస్‌లెటర్ సర్వీసు సెట్టింగుల్లో డొమైన్ అథెంటికేషన్ అనే పేజీ ఉంటుంది, అక్కడ మీ డొమైన్ ఇస్తే రెండో మూడో సీనేమ్ రికార్డులు (ఈ పేరు గురించి ఫలానా చోట అడగండి అని చెప్పేవి) ఇస్తుంది, కొన్ని సర్వీసులు టీఎక్స్‌టీ (విలువ నేరుగా రాసి ఉండేవి) ఇస్తాయి. వాటిని డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ పేజీలో వేసి, వెనక్కొచ్చి వెరిఫై నొక్కండి. ఆ తర్వాత అండర్‌స్కోర్ డీమార్క్ అనే హోస్ట్ పేరుతో డీమార్క్ రికార్డు, పాలసీ నన్ (గమనించండి చాలు, ఏమీ చేయకండి) అని, రిపోర్టులు రావాల్సిన అడ్రసు పెట్టి వేయండి. ఆఖరున ఫ్రమ్ అడ్రసు మార్చి, మొదట మీకు మీరే పంపుకుని చూసుకోండి. కొత్త డొమైన్‌కి పేరు ప్రతిష్ఠ ఏదీ ఉండదు కాబట్టి మొదటిసారే అందరికీ ఒకేసారి పంపకండి. తరచూ ఆర్డరిచ్చేవాళ్ళకు ముందు, మిగతావాళ్ళకు ఆ తర్వాత కొద్దికొద్దిగా.

ప్రశ్న: మా బడి పూర్వ విద్యార్థుల సంఘం తరఫున రాస్తున్నాను, వరంగల్ నుంచి. ఆఫీసు మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉంది, ఎస్‌పీఎఫ్ ఎప్పటి నుంచో ఉంది. కొత్తగా న్యూస్‌లెటర్ సర్వీసు తీసుకుని వాళ్ళిచ్చిన ఎస్‌పీఎఫ్ రికార్డు కూడా కలిపాం. అప్పటి నుంచి మామూలు మెయిళ్ళూ స్పామ్‌లోకి పోతున్నాయి. ఏం జరిగింది?

జవాబు: ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ పనిచేయడం కాదు, రెండూ పాడవుతాయి. అందుకునే సర్వరు ఏది నమ్మాలో తెలియక పర్మ్‌ఎర్రర్, అంటే రికార్డే తప్పు, అని రాసి పక్కన పెడుతుంది. రెండో రికార్డు తీసేసి, అందులో ఉన్న ఇన్‌క్లూడ్ మాటని (ఫలానా సర్వీసు జాబితానీ కలుపుకోండి అని చెప్పేది) మొదటిదాంట్లో, చివరి ఆల్ (మిగతా సర్వర్లన్నిటినీ ఏం చేయాలో చెప్పేది) కంటే ముందు చేర్చండి.

అయితే చేర్చే ముందు అసలది కావాలా అని చూడండి. ఇప్పుడు చాలా న్యూస్‌లెటర్ సర్వీసులు కవరు మీద తమ సొంత డొమైన్ పెట్టుకుంటాయి, బౌన్సులు, అంటే చేరక తిరిగొచ్చే మెయిళ్ళు, వాళ్ళకే చేరాలి కాబట్టి. ఎస్‌పీఎఫ్ చూసేది ఆ కవరునే కదా, అప్పుడు మీ ఎస్‌పీఎఫ్‌లో వాళ్ళ పేరు ఉన్నా లేకున్నా తేడా రాదు. ఇంకొన్ని సర్వీసులు మీ డొమైన్ కింద బౌన్స్ అనో మెయిల్ అనో ఒక సబ్‌డొమైన్ చేయిస్తాయి, అప్పుడు ఎస్‌పీఎఫ్ ఆ సబ్‌డొమైన్ మీద ఉంటుంది, అసలు డొమైన్‌ది ముట్టుకోనక్కర్లేదు. అవసరం లేని ఇన్‌క్లూడ్‌లు పోగేస్తే ఇంకో చిక్కుంది. ఎస్‌పీఎఫ్ సరిచూసేటప్పుడు డీఎన్‌ఎస్‌ని వెతికించే మాటలు 10 దాటకూడదు, ఒక ఇన్‌క్లూడ్ లోపల ఇంకో ఇన్‌క్లూడ్ ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. ఐపీ అడ్రసులు నేరుగా రాస్తే లెక్కకు రావు. వర్క్‌స్పేస్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సర్వే టూల్, హెల్ప్‌డెస్క్, ఇలా ఒక్కోటి చేర్చుకుంటూ పోయి 10 దాటితే మళ్ళీ అదే పర్మ్‌ఎర్రర్.

రికార్డు చివర టిల్డే ఆల్ (జాబితాలో లేనివాటిని అనుమానించండి) గానీ మైనస్ ఆల్ (ఒప్పుకోకండి) గానీ ఉండాలి. ప్లస్ ఆల్ అని ఉంటే వెంటనే మార్చండి, దానర్థం ప్రపంచంలో ఎవరైనా మా పేరుతో పంపొచ్చు అని.

ప్రశ్న: కాకినాడ నుంచి. రికార్డులన్నీ వేసి మూడు రోజులైంది, సర్వీసు ఇంకా నాట్ వెరిఫైడ్ అనే చూపిస్తోంది. కస్టమర్ కేర్ వాళ్ళు 48 గంటలు ఆగమంటున్నారు, ఆగాను. ఇంకేం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆగడం వల్ల వచ్చేది కాదిది. చాలా డీఎన్‌ఎస్ మార్పులు కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు కనిపిస్తాయి. మూడు రోజులైనా కనపడలేదంటే ఎక్కడో తప్పు పడింది, వెతుకుదాం.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది హోస్ట్ పేరు రెండింతలవడం. సర్వీసు మీకు హోస్ట్ పేరు పూర్తిగా ఇస్తుంది: సెలెక్టర్ (మీ డీకిమ్ కీకి సర్వీసు పెట్టిన పేరు), చుక్క, అండర్‌స్కోర్ డొమైన్‌కీ, చుక్క, మీ డొమైన్, చుక్క, కామ్. మీరది మొత్తం కాపీ చేసి నేమ్ గడిలో పెడతారు. కానీ చాలా డీఎన్‌ఎస్ ప్యానెళ్ళు మీ డొమైన్ పేరు తమంతట తామే చివర తగిలిస్తాయి. దాంతో రికార్డు పేరు చివర మీ డొమైన్ రెండుసార్లు వస్తుంది. ప్యానెల్లో చూస్తే బాగానే కనిపిస్తుంది, బయటి నుంచి వెతికితే దొరకదు. నేమ్ గడిలో మీ డొమైన్‌కి ముందున్న భాగం మాత్రమే ఉంచి సేవ్ చేయండి, నూటికి తొంభై పాళ్ళు అక్కడే తేలిపోతుంది.

అది కాకపోతే నేమ్‌సర్వర్లు, అంటే మీ డొమైన్ రికార్డులు అడిగితే జవాబు చెప్పే సర్వర్లు ఏవో చూడండి. డొమైన్ ఒకచోట కొన్నారు, హోస్టింగ్ ఇంకోచోట ఉంది, మధ్యలో ఎవరో క్లౌడ్‌ఫ్లేర్ (వెబ్‌సైట్‌కి ముందు నిలబడి డీఎన్‌ఎస్ కూడా చూసుకునే సర్వీసు) పెట్టారు. రికార్డులు పనిచేసేది నేమ్‌సర్వర్లు ఎక్కడికి చూపిస్తున్నాయో అక్కడ వేస్తేనే. కొన్నచోట కూడా డీఎన్‌ఎస్ పేజీ తెరుచుకుంటుంది, వేస్తే సేవ్ అవుతుంది, కానీ దాన్ని అడిగేవాళ్ళే ఉండరు. క్లౌడ్‌ఫ్లేర్‌లోనే వేసి ఉంటే సీనేమ్ పక్కన నారింజ రంగు మబ్బు ఉందేమో చూడండి, దాన్ని నొక్కి బూడిద రంగుకు, అంటే డీఎన్‌ఎస్ ఓన్లీకి మార్చాలి. నారింజలో ఉంటే మీ సీనేమ్ బదులు క్లౌడ్‌ఫ్లేర్ తన ఐపీ అడ్రసు చెబుతుంది, సర్వీసుకు కావాల్సింది అది కాదు.

సర్వీసు సీనేమ్ కాకుండా డీకిమ్ కీని టీఎక్స్‌టీగా ఇస్తే ఇంకొకటి. 2048 బిట్ల కీ పొడుగ్గా ఉంటుంది, టీఎక్స్‌టీ రికార్డులో ఒక్కో ముక్క 255 అక్షరాలకు మించకూడదు. మంచి ప్యానెళ్ళు తామే రెండు ముక్కలు చేసుకుంటాయి, కొన్ని ఏమీ చెప్పకుండా చివర కత్తిరించేస్తాయి. సేవ్ చేశాక మళ్ళీ తెరిచి ఆఖరి అక్షరాలు సరిపోయాయో లేదో పోల్చి చూడండి. వర్డ్ ఫైల్లో పెట్టుకుని అక్కడి నుంచి కాపీ చేయకండి, కొటేషన్ గుర్తులు వంకర తిరుగుతాయి, మధ్యలో ఖాళీలు దూరతాయి. సర్వీసు పేజీ నుంచి నేరుగా ప్యానెల్లోకి, అంతే.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం, ఇక్కడి తెలుగు సంఘానికి న్యూస్‌లెటర్ నేనే చూస్తాను. సంక్రాంతి సంబరాల ఆహ్వానం చాలామందికి చేరలేదు. టెస్ట్ మెయిల్ చూస్తే ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ మాత్రం ఫెయిల్. రెండూ పాసైతే మూడోది ఎలా ఫెయిలవుతుంది?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, మొత్తం విషయానికి కీలకం ఇదే.

మీకు మీరే ఒక న్యూస్‌లెటర్ పంపుకుని, జీమెయిల్లో కంప్యూటరు మీద తెరిచి, మూడు చుక్కలు నొక్కి, షో ఒరిజినల్ ఎంచుకోండి. పైన చిన్న పట్టిక వస్తుంది. చాలామంది అందులో పాస్ అన్న మాట చూసి మూసేస్తారు. పాస్ పక్కన ఏ డొమైన్ ఉందో చదవండి. డీకిమ్ వరసలో పాస్ విత్ డొమైన్ అని ఉండి, ఆ తర్వాత మీ న్యూస్‌లెటర్ సర్వీసు పేరు ఉందనుకోండి, దానర్థం సంతకం సరిగ్గానే ఉంది, కానీ పెట్టింది సర్వీసు, మీ సంఘం కాదు. ఇంకాస్త కిందికి వెళ్తే అథెంటికేషన్ రిజల్ట్స్ అనే పేరా ఉంటుంది. అందులో ఎస్‌ఎమ్‌టీపీ మెయిల్‌ఫ్రమ్ ఎదురుగా ఉన్నది కవరు మీది డొమైన్, హెడర్ ఫ్రమ్ ఎదురుగా ఉన్నది చదివేవాళ్ళకు కనిపించే డొమైన్. మీ విషయంలో మొదటిదీ సర్వీసుదే అయ్యుంటుంది. అంటే ఎస్‌పీఎఫ్ సర్వీసు పేరుతో పాసైంది, డీకిమ్ సర్వీసు పేరుతో పాసైంది, ఫ్రమ్‌లో ఉన్నది మీ సంఘం పేరు. డీమార్క్ చూసేది ఆ పేర్లు కలిశాయా లేదా అని, అవి కలవలేదు, ఫెయిలైంది. అది దాని పని అది సరిగ్గా చేసింది.

మీ సర్వీసులో డొమైన్ అథెంటికేషన్ పూర్తి చేయలేదన్నమాట, లేదా ఫ్రమ్ అడ్రసు ఒక్కదాన్నే వెరిఫై చేసి వదిలేశారు. మెయిల్‌కి లింకు వస్తే నొక్కడం, అది అడ్రసు మీదేనని సర్వీసుకు చెప్పడమే, అవతలి సర్వర్లకు దానితో సంబంధం లేదు. డొమైన్ కోసం ఇచ్చే సీనేమ్‌లు వేస్తే డీకిమ్ సంతకం మీ డొమైన్ పేరుతో పడుతుంది, ఆ ఒక్కటి కలిస్తే డీమార్క్ పాసవుతుంది. వీలుంటే కవరు డొమైన్ కూడా మీ సబ్‌డొమైన్‌కి మార్చుకోండి, అమెజాన్ ఎస్‌ఈఎస్ (మెయిళ్ళు పంపే అమెజాన్ సర్వీసు) లాంటివాటిలో కస్టమ్ మెయిల్‌ఫ్రమ్ అని దానికి వేరే సెట్టింగు ఉంటుంది. సబ్‌డొమైన్ అయితే కలవదేమో అని భయపడక్కర్లేదు, డీమార్క్ మామూలుగా ఉండే రిలాక్స్‌డ్ పద్ధతిలో ఒకే మూల డొమైన్ కింద ఉన్నవన్నీ కలిసినట్టే.

ఒకవేళ ఒక్కటే కలిపే వీలుంటే డీకిమ్‌నే ఎంచుకోండి. మీ సభ్యుల్లో యూనివర్సిటీ పాత అడ్రసులను జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. మెయిల్ ఫార్వర్డ్ అయితే చివరికి పంపింది యూనివర్సిటీ సర్వరు, అది మీ ఎస్‌పీఎఫ్ జాబితాలో ఉండదు, ఎస్‌పీఎఫ్ పోతుంది. లోపలి మాట మార్చకపోతే డీకిమ్ సంతకం మాత్రం అలాగే నిలుస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో చిన్న పబ్లిషింగ్ ఆఫీసు మాది. డీమార్క్‌లో మొదటి రోజే రిజెక్ట్ పెట్టేయమని ఒక కన్సల్టెంట్ సలహా ఇచ్చారు. పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. రిజెక్ట్, అంటే పేర్లు కలవని మెయిల్‌ని తిప్పికొట్టమనడం, చేరుకోవాల్సిన చోటు, నిజమే. కానీ మీ పేరుతో మెయిల్ ఎక్కడెక్కడి నుంచి వెళ్తోందో తెలియకుండా పెడితే ముందు దెబ్బ తినేది మీ సొంత మెయిళ్ళే. ఆఫీసు మెయిల్, న్యూస్‌లెటర్ గుర్తుంటాయి. పుస్తకం ఆర్డర్ చేసినప్పుడు వెళ్ళే ఇన్‌వాయిస్? జీతాల స్లిప్పులు పంపే సాఫ్ట్‌వేర్? వెబ్‌సైట్లో మమ్మల్ని సంప్రదించండి అనే ఫారం?

ఆ ఫారం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి చిన్న వెబ్‌సైట్లోనూ ఇది తప్పుగానే ఉంటుంది. పాఠకుడు ఫారంలో తన యాహూ అడ్రసు రాసి ప్రశ్న పంపుతాడు. ఫారం ఆ అడ్రసునే ఫ్రమ్‌లో పెట్టి మీ హోస్టింగ్ సర్వరు నుంచి మీకు పంపుతుంది. యాహూ పేరుతో యాహూ కాని సర్వరు నుంచి వచ్చిన మెయిల్ అది, యాహూ పాలసీ ప్రకారం తిరిగిపోతుంది, పాఠకుడు జవాబు రాలేదని మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఫ్రమ్‌లో మీ సొంత డొమైన్ అడ్రసు, రిప్లై టూలో పాఠకుడి అడ్రసు ఉండాలని మీ వెబ్‌సైట్ చూసేవాళ్ళకు చెప్పండి.

మొదట పాలసీ నన్ పెట్టి, రిపోర్టుల కోసం ఆర్‌యూఏ ట్యాగులో ఒక అడ్రసు ఇవ్వండి, దానికి వేరే మెయిల్‌బాక్స్ ఉంటే నయం. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మామూలుగా రోజుకోసారి జిప్ చేసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళు పంపుతాయి. వాటిలో మెయిల్ విషయం ఏదీ ఉండదు. మీ పేరుతో ఏ ఐపీ నుంచి ఎన్ని మెయిళ్ళు వచ్చాయి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఏ డొమైన్‌తో పాసయ్యాయి, కలిశాయా లేదా, ఇంతే. చేత్తో చదవడం కష్టం, పట్టికగా చూపించే ఉచిత టూళ్ళు చాలానే ఉన్నాయి. కనీసం నెల రోజులైనా చూడండి, నెలకోసారి మాత్రమే మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్లు అప్పుడే బయటపడతాయి. మీవన్నీ పాసవుతున్నాయని తేలాక క్వారంటైన్ (కలవనివాటిని స్పామ్‌లో పెట్టమనడం), కొన్నాళ్ళు ఫిర్యాదులేవీ రాకపోతే రిజెక్ట్.

అలాగని నన్ దగ్గరే ఏళ్ళ తరబడి ఉండిపోకండి. నన్ అంటే గమనిస్తున్నాం, ఏమీ చేయకండి అని. మీ పేరుతో దొంగ ఇన్‌వాయిస్ వెళ్తే అది ఆపదు.

ప్రశ్న: నా దగ్గరున్నది మూడొందల మంది చందాదారులే. రోజుకు 5,000 మెయిళ్ళు దాటినవాళ్ళకే ఈ రూల్స్ అంటున్నారు కదా?

జవాబు: డీమార్క్, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ లాంటివి జీమెయిల్ తప్పనిసరి చేసింది ఆ 5,000 వాళ్ళకే. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్‌లో ఒకటైనా ఉండాలన్నది మాత్రం అందరికీ. ఉన్న పని ఒక సాయంత్రానిది, మూడూ చేసేయండి. ఇంకో సంగతి, ఆ 5,000 లెక్క మూల డొమైన్ మీద వేస్తారు, సబ్‌డొమైన్లన్నీ కలిపి. ఒక్కసారి దాటితే తర్వాత తక్కువ పంపినా మీరు ఆ వర్గంలోనే ఉంటారు.

ప్రశ్న: విజయవాడ నుంచి. మూడూ పాస్. అయినా సగం స్పామ్‌లోనే. అథెంటికేషన్ వల్ల లాభమేంటి మరి?

జవాబు: అథెంటికేషన్ మీరెవరో చెబుతుంది. మీ మెయిల్ జనానికి కావాలా వద్దా అన్నది జనమే చెబుతారు. స్పామ్ అని నొక్కేవాళ్ళ శాతం 0.1 లోపు ఉంచుకోమని, 0.3కి ఎప్పుడూ చేరనివ్వద్దని గూగుల్ అడుగుతోంది. అంటే వెయ్యి మందికి పంపితే ముగ్గురు నొక్కినా ఎక్కువే. పోస్ట్‌మాస్టర్ టూల్స్ అనే గూగుల్ పేజీలో మీ డొమైన్ చేర్చుకుంటే ఆ శాతం కనిపిస్తుంది, మరీ తక్కువ మెయిళ్ళు పంపేవాళ్ళకు మాత్రం అందులో ఏమీ కనపడకపోవచ్చు. ఎగ్జిబిషన్‌లో విజిటింగ్ కార్డులు పోగేసి, డబ్బులిచ్చి లిస్టు కొని చేర్చిన అడ్రసులుంటే అవి తీసేయండి, వాటిని ఉంచుకుని ఏ రికార్డు వేసినా ఉపయోగం లేదు.

తెలుగులో న్యూస్‌లెటర్ పంపేవాళ్ళు రెండు విషయాలు ప్రత్యేకంగా చూసుకోవాలి. అను ఫాంట్లలో టైపు చేయించిన మేటర్ మెయిల్లో పెడితే పిచ్చి అక్షరాలొస్తాయి కాబట్టి మొత్తం న్యూస్‌లెటర్‌ని ఒకే బొమ్మగా చేసి పంపేస్తుంటారు. ఒక్క ముక్క రాత లేని, బొమ్మ మాత్రమే ఉన్న మెయిల్ ఫిల్టర్లకు అనుమానం కలిగిస్తుంది, బొమ్మలు ఆపుకున్నవాళ్ళకు తెల్ల కాగితమే కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చి రాతగానే పంపండి, ఇప్పుడున్న ఫోన్లన్నీ చక్కగా చూపిస్తాయి. రెండోది సైజు. సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ని జీమెయిల్ మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే లింకు నొక్కమంటుంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికి, దాని గుణింతపు గుర్తుకు వేరుగా, మూడేసి బైట్లు పడతాయి, ఇంగ్లిషుకు ఒక్కటే. అంటే అదే పొడవున్న తెలుగు వ్యాసం చాలా ముందే ఆ హద్దు తాకుతుంది. కత్తిరించినప్పుడు మొదట మాయమయ్యేది అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు. వద్దనుకున్నవాళ్ళకు అది కనపడదు, కళ్ళ ముందున్న స్పామ్ బటన్ నొక్కుతారు. వ్యాసం మొత్తం మెయిల్లో కుక్కకుండా మొదటి నాలుగు పేరాలు ఇచ్చి మిగతాది వెబ్‌సైట్లో చదవమనండి, అన్‌సబ్‌స్క్రైబ్ లింకు పైన కూడా ఒకటి పెట్టండి. సర్వీసులో లిస్ట్ అన్‌సబ్‌స్క్రైబ్ హెడర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. జీమెయిల్ పంపినవాళ్ళ పేరు పక్కన చూపించే అన్‌సబ్‌స్క్రైబ్ దానివల్లే వస్తుంది. అలా వెళ్ళిపోయినవాళ్ళను రెండు రోజుల్లోపు లిస్టు నుంచి తీసేయాలన్నది కూడా ఆ నిబంధనల్లో ఉంది.

ప్రశ్న: మాకు తెలుగులోనే డాట్ భారత్ డొమైన్ ఉంది. దానికీ ఇవన్నీ పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. డీఎన్‌ఎస్‌లో తెలుగు డొమైన్ ఇంగ్లిషు అక్షరాల రూపంలో, ఎక్స్ ఎన్ తర్వాత రెండు హైఫన్లతో మొదలయ్యే పేరుగా ఉంటుంది. మీ సర్వీసు తెలుగు పేరు తీసుకోకపోతే ఆ రూపం ఇచ్చి చూడండి. వెబ్‌సైట్‌కి తెలుగు డొమైన్ వాడుకోవడం నాకెంతో ఇష్టమైన పని. న్యూస్‌లెటర్ ఫ్రమ్ అడ్రసుకు మాత్రం ప్రస్తుతానికి ఇంగ్లిషు డొమైనే మేలు, తెలుగు అడ్రసులను సరిగ్గా తీసుకోని మెయిల్ సర్వర్లు ఇంకా ఉన్నాయి.

ప్రశ్న: పోయిన నెల న్యూస్‌లెటర్ సర్వీసు మార్చాం. పాతవాళ్ళ రికార్డులు అలాగే ఉంటే నష్టమా?

జవాబు: నష్టమే, తీసేయండి. పాత ఇన్‌క్లూడ్ మీ ఎస్‌పీఎఫ్‌లో ఉన్నంతకాలం ఆ సర్వీసు సర్వర్లకు మీ పేరుతో పంపే అనుమతి ఉన్నట్టే, ఆ సర్వర్లు వాడేది మీరొక్కరే కాదు. డీకిమ్ సీనేమ్ ఉంటే కీ ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అయితే ఖాతా మూసిన రోజే తీయకండి, ఆఖరి మెయిళ్ళు కొన్ని చేరడం ఆలస్యమవుతాయి, సంతకం సరిచూసేది అవి చేరేటప్పుడే. ఓ వారం ఆగి, డీమార్క్ రిపోర్టుల్లో ఆ సర్వీసు ఐపీలు కనపడటం మానేశాక ముందు డీకిమ్ రికార్డులు, తర్వాత ఎస్‌పీఎఫ్‌లోని మాట తీసేయండి. తీసే ముందు పాత విలువలన్నీ ఒక నోట్‌ప్యాడ్ ఫైల్లో, తేదీతో సహా రాసి పెట్టుకోండి.